ఎత్తైన ఊళ్ల మైదానాల్లో కొట్టే మైనర్ లీగ్ బేస్‌బాల్ బ్యాటర్లని ఎంతవరకు నమ్మాలి?

#1 అల్బుకర్కీ_శ్రీను

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీకి వచ్చాను, ఇక్కడ ఇది నాకు రెండో వేసవి. ఈ ఊళ్లో మేజర్ లీగ్ జట్టు లేదు, ఉన్నది ఐసోటోప్స్ ఒక్కటే. 2015 నుంచి కొలరాడో రాకీస్‌కి ట్రిపుల్-ఏ జట్టు ఇదే, అంటే మేజర్ లీగ్‌కి ఒకే ఒక్క మెట్టు కింద. వారానికి ఒక ఆటైనా చూస్తాను. సీట్లో కూర్చుని పెన్సిల్‌తో స్కోరు రాసుకోవడం అలవాటైంది.

నా సమస్య ఏంటంటే, ఇక్కడ అందరూ కొట్టేవాళ్లే. మొన్న శుక్రవారం ఒక బంతి ఎడమ సెంటర్ వైపు లేచింది. బ్యాట్ చప్పుడు వింటే మామూలు ఫ్లై బాల్ అనుకున్నాను. ఫీల్డర్ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, రెండడుగులు ముందుకు వేశాడు. వేసి ఆగాడు. వెనక్కి తిరిగి గోడ దాకా పరుగెత్తి, గ్లవ్ కిందికి దించేసి తల ఎత్తి చూస్తూ నిలబడిపోయాడు. బంతి గోడ అవతల పడింది, హోమ్ రన్. నా పక్క సీట్లో పెద్దాయన నా పుస్తకంలోకి తొంగిచూసి, "దాని పక్కన చిన్న గుర్తు పెట్టుకో, బయట అయితే అది అవుటే" అన్నాడు.

అప్పటి నుంచి అదే ఆలోచన. ఈ ఊరు సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంది. ఇక్కడ కొట్టిన వాళ్లలో పైకెళ్లి నిలబడేది ఎవరో ఎలా తెలుస్తుంది? హోమ్ రన్లలో ఒక వంతు తీసేసి చూస్తే సరిపోతుందా?

#2 మైల్‌హై_మధు

శ్రీనూ, స్వాగతం. నేను డెన్వర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. నీ ప్రశ్న నేను ప్రతి ఏప్రిల్‌లో వేసుకునేదే.

డెన్వర్ దగ్గర గాలి సాంద్రత తీరప్రాంతంతో పోలిస్తే సుమారు 18 శాతం తక్కువ. మీ ఊరూ దాదాపు అంతే. ఎగిరే బంతిని వెనక్కి పట్టి లాగేది గాలే కాబట్టి, తీరంలో 400 అడుగులు వెళ్లే బంతి ఇక్కడ 420 దాకా వెళ్తుంది. ఇరవై అడుగులేగా అని తీసిపారేయకు. గోడ ముందు మట్టి దగ్గర ఫీల్డర్ చేతికి చిక్కాల్సిన బంతులన్నీ ఆ ఇరవై అడుగుల్లోనే ఉంటాయి. నీ పక్క సీటు పెద్దాయన గుర్తు పెట్టమన్నది వాటికే.

ఇంకొకటి ఉంది, అది కంటికి అంతగా కనపడదు. కర్వ్‌బాల్ వంగేది కూడా గాలి వల్లే. గిర్రున తిరిగే బంతి గాలిని ఒక పక్కకి నెడితే గాలి దాన్ని రెండో పక్కకి నెడుతుంది. గాలి పలచబడితే ఆ నెట్టుడు తగ్గి, బంతి వంగాల్సినంత వంగదు. బ్యాట్ కింద నుంచి జారిపోవాల్సిన బంతి బ్యాట్ మందంలోకి వచ్చి కూర్చుంటుంది. అంటే బ్యాటర్‌కి దూరం ఒకటే కాదు, బంతి తగలడం కూడా సులువవుతుంది. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లై అవుటవడం) తగ్గుతాయి.

ఇక మైదానం. ఇక్కడ రాకీస్ ఆడే కూర్స్ ఫీల్డ్ 1995లో కట్టినప్పుడే గోడలు దూరంగా జరిపారు. ఎడమ చివర 347 అడుగులు, సెంటర్ 415, కుడి చివర 350. హోమ్ రన్లు కాస్త తగ్గుతాయని అలా చేస్తే ఔట్‌ఫీల్డ్ పొలంలా తయారైంది. ఫీల్డర్లు వెనక నిలబడాలి, వాళ్ల ముందు సింగిల్స్ (ఒక బేస్ హిట్లు) రాలతాయి, మధ్యలోంచి ట్రిపుల్స్ (మూడు బేస్‌లవి) వెళ్తాయి. కాబట్టి హోమ్ రన్లు తగ్గించి, యావరేజ్‌ని (ఎన్ని ప్రయత్నాల్లో ఎన్ని హిట్లన్న నిష్పత్తిని) అలాగే ఉంచితే నీ లెక్క తప్పుతుంది.

#3 గుంటూరు_గూగ్లీ

నేను ఇండియా నుంచే చదువుతుంటాను, బేస్‌బాల్ ఈమధ్యే అర్థమవుతోంది. మనకి క్రికెట్‌లో జొహానెస్‌బర్గ్ ఉంది కదా, ఎత్తైన ఊరే. 2006లో ఆస్ట్రేలియా 434 కొడితే దక్షిణాఫ్రికా ఛేదించింది అక్కడే. మన ధర్మశాల కూడా అలాంటిదే. చదును పిచ్ మీద రంజీలో డబుల్ సెంచరీ కొట్టినవాడి గురించి సెలెక్టర్లు అడిగేది ఒకటే: "బయట ఏం చేశాడు?" బేస్‌బాల్‌లోనూ సొంత మైదానం లెక్క పక్కనపెట్టి బయటి ఆటలు చూస్తే తేలిపోదా? ఇంత చర్చ ఎందుకు?

#4 లెక్కల_మాస్టారు

గూగ్లీ బాబూ, మంచి ప్రశ్న. నేను కాకినాడలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఫీనిక్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ వసంతకాలం సాధన ఆటలు చూసి చూసి ఈ లెక్కల్లో పడ్డాను.

బయటి ఆటలు చూడమన్నారు. ఏ బయట? ఐసోటోప్స్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బుకర్కీ ఒక్కటే ఎత్తులో లేదు. రీనో సుమారు 4,500 అడుగులు. సాల్ట్ లేక్ 4,000 పైమాటే. ఎల్ పాసో 3,700 దగ్గర, లాస్ వేగస్ కొత్త మైదానం 3,000 దగ్గర. రీనో బ్యాటర్ "బయటికి" వెళ్తున్నాడంటే చాలాసార్లు మరో ఎత్తైన ఊరికే వెళ్తున్నాడు. ఒకప్పుడు ఇదే లీగ్‌లో కొలరాడో స్ప్రింగ్స్ ఉండేది, 6,531 అడుగులు. 2018 తర్వాత ఆ జట్టు శాన్ ఆంటోనియోకి తరలిపోయింది.

పార్క్ ఫ్యాక్టర్ అనే లెక్క ఇలా వేస్తారు. ఒక జట్టు సొంత మైదానంలో ఆడిన ఆటల్లో రెండు జట్లూ కలిపి ఆటకి ఎన్ని రన్స్ చేశాయి, అదే జట్టు బయట ఆడినప్పుడు రెండు జట్లూ కలిపి ఎన్ని చేశాయి, ఆ రెంటి నిష్పత్తి, వందకి లెక్కగట్టి. 100 అంటే మామూలు మైదానం. ఒక్క ఏడాది అంకె నమ్మకూడదు, మూడేళ్లు కలిపి చూడాలి. పైగా ఇది అందరికీ కలిపిన సగటు. నేల మీద కొట్టి పరుగెత్తేవాడికి ఎత్తు ఇచ్చేది వేరు, గాల్లోకి లేపేవాడికి ఇచ్చేది వేరు. అందరికీ ఒకే శాతం కోత పెడితే కొందరికి అన్యాయం, కొందరికి కానుక.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఆల్బుకర్కీదే. అప్పట్లో అక్కడ డ్యూక్స్ అనే జట్టు ఉండేది, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ట్రిపుల్-ఏ. 1994లో బిల్లీ యాష్లీ అక్కడ 37 హోమ్ రన్లు కొట్టాడు, యావరేజ్ .345. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. మూడేళ్ల తర్వాత, 1997లో పాల్ కోనెర్కో అదే మైదానంలో, అదే జట్టుకి, సరిగ్గా 37 కొట్టాడు. యావరేజ్ .323. అతనికీ అదే బహుమతి వచ్చింది. పేర్లు మూసి రెండు వరుసలూ మీ ముందు పెడితే మీరు యాష్లీనే ఎంచుకుంటారు.

మేజర్ లీగ్‌లో యాష్లీ మొత్తం కెరీర్‌లో 28 హోమ్ రన్లు కొట్టాడు. కోనెర్కో 439.

మరి ఆ రెండు వరుసల్లో తేడా ఎక్కడుంది? వయసులో ఒకటి. కోనెర్కోకి అప్పుడు 21, యాష్లీకి ఆ వేసవిలో 24 నిండాయి. అంతకంటే పెద్ద తేడా స్ట్రైకౌట్లలో. యాష్లీ నూరు దాటాడు. కోనెర్కో అరవై దగ్గర ఆగాడు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి మొదటి బేస్‌కి వెళ్లడం) కూడా దాదాపు అన్నే తీసుకున్నాడు. ఇక్కడ మధు గారు చెప్పిన మాట గుర్తుంచుకోండి: ఆ ఊళ్లో బంతి తక్కువ వంగుతుంది. అంత తక్కువ వంగే బంతులకే నూరు దాటినవాడికి, పూర్తిగా వంగే బంతులు వేస్తే ఏమవుతుంది?

#5 కృష్ణాతీరం

మాస్టారూ, మీ యాష్లీ కథ చదివి నా పాత గాయం గుర్తొచ్చింది. నేను డల్లాస్. ఆఫీసు వాళ్లం పన్నెండు మందిమి ఏళ్ల తరబడి ఒకే ఫాంటసీ లీగ్ (అసలు ఆటగాళ్ల అంకెలతో మనం జట్లు కట్టి ఆడే ఆట) ఆడుతున్నాం, మైనర్ లీగ్ వాళ్లని కూడా జట్టులో పెట్టుకోవచ్చు.

2019లో రీనోలో కెవిన్ క్రాన్ 82 ఆటల్లో 38 హోమ్ రన్లు కొట్టాడు. ఎనభై రెండు ఆటల్లో! నేను రోజూ పొద్దున్నే లేచి మొదట చూసేది అదే, రాత్రి క్రాన్ కొట్టాడా లేదా అని. నా జట్టులో ఉన్న నికరమైన పిచ్చర్‌ని ఇచ్చేసి అతన్ని తెచ్చుకున్నాను. రీనో పైజట్టు అరిజోనా డైమండ్‌బ్యాక్స్ అతన్ని పైకి పిలిచారు. 39 ఆటలు, 6 హోమ్ రన్లు, యావరేజ్ .211. బ్యాటింగ్‌కి వచ్చిన మూడుసార్లలో ఒకసారికి పైగా స్ట్రైకౌటే. ఆ తర్వాత అతను జపాన్‌లో హిరోషిమాకి ఆడటానికి వెళ్లాడు.

తప్పు నాదే, ఎందుకంటే ఆ ఏడాది ఇంకో సంగతి కళ్ల ముందే ఉంది. 2019లోనే ట్రిపుల్-ఏలో మేజర్ లీగ్ బంతి వాడటం మొదలుపెట్టారు. ఆ బంతి ఎక్కువ దూరం వెళ్లేది. ముందు ఏడాదితో పోలిస్తే ట్రిపుల్-ఏలో హోమ్ రన్లు సగానికి పైగా పెరిగిపోయాయి. ఎత్తుకి బంతి తోడైంది. నేను అంకె చూశాను, అదే లీగ్‌లో మిగతావాళ్లు కూడా ఎలా కొడుతున్నారో చూడలేదు. ఎల్ పాసోలో టై ఫ్రాన్స్ 76 ఆటల్లో .399. సాల్ట్ లేక్‌లో జారెడ్ వాల్ష్ 98 ఆటల్లో 36 హోమ్ రన్లు. ఊరంతా పెళ్లి సందడిగా ఉంటే మా ఇంట్లోనే పెళ్లనుకున్నాను.

#6 పద్మ_టాకోమా

కృష్ణాతీరం గారూ, ఫ్రాన్స్‌నీ వాల్ష్‌నీ క్రాన్‌తో ఒకే గాట కట్టేయకండి. ఫ్రాన్స్ ఆ ఏడాది పైకి వెళ్లి .234 మాత్రమే కొట్టిన మాట నిజం. కానీ తర్వాత మా సియాటిల్‌కి వచ్చి 2022లో ఆల్‌స్టార్ అయ్యాడు. వాల్ష్ 2021లో ఏంజెల్స్‌కి 29 హోమ్ రన్లు కొట్టి తనూ ఆల్‌స్టార్ అయ్యాడు. ఒకే ఏడాది, ఒకే బంతి, ఎత్తైన మూడు ఊళ్లు, ముగ్గురివి మూడు దారులు. ఆ ముగ్గురినీ కలిపి "అదంతా ఎత్తు మహిమ" అనేసిన వాళ్లు కూడా నష్టపోయారు.

నేను సముద్రం పక్కన ఉంటాను. సియాటిల్‌కి ట్రిపుల్-ఏ జట్టున్న మా టాకోమాలో ఏప్రిల్ రాత్రి చలికి బంతి అసలు ముందుకే పోదు. మీకు తెలియని ఒక తిరకాసు చెప్తాను. 2021 నుంచి ట్రిపుల్-ఏలో దాదాపు ప్రతి సిరీస్ ఆరు ఆటలు, ఇప్పుడు మంగళవారం నుంచి ఆదివారం దాకా అదే ఊళ్లో. మా కుర్రాడు ఒకడు నెలంతా తడబడి, ఒక వారం ఆల్బుకర్కీ వెళ్లి వచ్చాడంటే వాడి నెల అంకెలు కళకళలాడిపోతాయి. "ఫామ్‌లోకి వచ్చాడు" అని రాసేస్తారు. నేను మాత్రం ముందు తేదీలు చూస్తాను. ఆ ఆరు ఆటలు ఎక్కడ ఆడాడో చూడకుండా నెల అంకెలు ఎవరు చెప్పినా నేను వినను.

#7 గుంటూరు_గూగ్లీ

అర్థమైంది మాస్టారూ, "బయట" అన్నంత తేలిక కాదు. పద్మక్కా, ఆ తేదీల మాట భలే ఉంది. మరి 2019లోనే ఎత్తు సాయం లేకుండా కొట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

#8 మైల్‌హై_మధు

ఉన్నాడు తమ్ముడూ. యోర్డాన్ అల్వారెజ్. టెక్సస్‌లో రౌండ్ రాక్ జట్టు, అది పల్లపు ప్రాంతం. 56 ఆటల్లో 23 హోమ్ రన్లు, .343. హ్యూస్టన్ పైకి పిలిచింది, ఆ ఏడాదే అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. బంతి మారింది అతనికి కూడా, ఎత్తు మాత్రం లేదు.

#9 ఓరుగల్లు_నాన్న

లెక్కల్లో నేను మీ అంత కాదు. మా బాబు ఆడే ఆటలో కళ్లారా చూసింది చెప్తాను.

మేం డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. బాబుకి పద్నాలుగేళ్లు, పిచ్చింగ్ చేస్తాడు, బ్యాటింగూ చేస్తాడు. పోయిన వేసవిలో వాళ్ల జట్టు మొదటిసారి హ్యూస్టన్‌లో టోర్నమెంట్‌కి వెళ్లింది. వార్మప్‌లో బాబు కర్వ్‌బాల్ వేశాడు. ఇంటి దగ్గర క్యాచర్ మోకాళ్ల దగ్గర పడే బంతి, అక్కడ ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటికి) ముందే మట్టిలో పడి క్యాచర్ ఛాతీకి తగిలింది. బాబు నా వైపు చూశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ మట్టిలోనే. కోచ్ వచ్చి "నువ్వేం తప్పు చేయట్లేదు, ఇక్కడ అది అలాగే వంగుతుంది, ఇంకా పైకి గురిపెట్టు" అన్నాడు. రెండు రోజుల్లో వాడికి చేయి కుదిరింది, నవ్వు కూడా వచ్చింది.

కానీ బ్యాటింగ్‌లో నవ్వు రాలేదు. అవతలి కుర్రాడి కర్వ్‌బాల్ చూసి మావాళ్లంతా గాలిని కొట్టారు. మావాడు ఒకసారి గట్టిగా తగిలించాడు. నేను లేచి నిలబడ్డాను, ఇంటి దగ్గర ఆ దెబ్బ కంచె దాటుతుంది. అక్కడ సెంటర్ ఫీల్డర్ నాలుగడుగులు వెనక్కి వేసి తాపీగా పట్టుకున్నాడు. వెనక్కి వస్తూ బాబు "నాన్నా, బాగానే కొట్టాను కదా?" అని అడిగాడు. బాగానే కొట్టావు నాన్నా అన్నాను. నిజంగా బాగానే కొట్టాడు. దెబ్బలో లోపం లేదు, ఊరు మారింది.

ఇది చదువుతుంటే అనిపించింది, ట్రిపుల్-ఏ నుంచి పైకి వెళ్లే ఇరవై రెండేళ్ల కుర్రాడికి కూడా ఇదే జరుగుతుంది కదా. వాడికి మాత్రం చుట్టూ నలభై వేల మంది ఉంటారు.

#10 అల్బుకర్కీ_శ్రీను

అన్నా, ఆ "బాగానే కొట్టాను కదా" దగ్గర ఆగిపోయాను. నాకు కావలసింది అదే. బంతి ఎక్కడ పడిందన్నది వదిలేసి, దెబ్బ ఎంత బాగుందో తెలుసుకునే దారి ఉందా?

#11 కృష్ణాతీరం

ఉంది. 2023 నుంచి ట్రిపుల్-ఏ మైదానాలన్నిటిలో బంతిని కొలిచే కెమెరాల లెక్కలు బయటికి ఇస్తున్నారు. బ్యాట్ నుంచి బంతి ఎంత వేగంతో బయల్దేరింది, ఏ కోణంలో లేచిందన్నది ఎవరైనా చూసుకోవచ్చు. బ్యాట్‌కి బంతి తగిలే ఆ క్షణంలో ఎత్తు చేసేదేమీ లేదు, గాలి పని ఆ తర్వాతే మొదలవుతుంది. గంటకి 95 మైళ్లు దాటితే గట్టి దెబ్బ కింద లెక్క. క్రాన్ విషయంలో దెబ్బ తిన్నాక నేను మొదట చూసేది అదే, హోమ్ రన్ల సంఖ్య చివర్లో చూస్తాను. వాక్‌లు కూడా చూస్తాను. చెడ్డ బంతిని వదిలేయడానికి గాలితో పనేముంది? అది కళ్లకి సంబంధించింది.

#12 లెక్కల_మాస్టారు

రెండు చిన్న సవరణలు, ఏమీ అనుకోవద్దు.

ఒకటి, వేగం విషయంలో ఎత్తు పాత్ర లేదన్నది నిజమే, కానీ పొడి వాతావరణం పాత్ర కొంచెం ఉంది. ఎండిపోయిన బంతి బ్యాట్ మీద నుంచి కాస్త చురుగ్గా ఎగురుతుంది. కూర్స్ ఫీల్డ్ సిబ్బందిలో ఒకాయన తన తోలు బూట్లు ఎండి బిగుసుకుపోవడం చూసి, బంతుల మీది తోలుకీ ఇదే జరుగుతోందని గమనించాడట. అలా 2002లో అక్కడ బంతుల్ని తేమ గదిలో దాచడం మొదలైంది, 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 50 శాతం తేమ. ఇప్పుడు మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో ఆ గది ఉంది. కాబట్టి ఒక మైదానంలో బంతుల్ని ఎలా దాస్తున్నారో తెలుసుకుని వేగాన్ని చదవాలి. తేడా చిన్నదే, మీ పద్ధతి మాత్రం సరైనదే.

రెండోది వాక్‌లు. 2023లో ట్రిపుల్-ఏలో బంతి స్ట్రైకా కాదా అన్నది యంత్రంతో తేల్చే పద్ధతి అన్ని మైదానాల్లో పెట్టారు. కొన్ని రోజులు పూర్తిగా యంత్రం, కొన్ని రోజులు అంపైర్ చెప్పాక అప్పీల్. ఆ ఏడాది వాక్‌లు బాగా పెరిగాయి. దాంట్లో ఎత్తు పాత్ర లేదు, నిజమే. కానీ అంకె అంకెలాగే పైకి వెళ్లింది. వాక్‌లని కూడా అదే లీగ్‌లో అదే ఏడాది సగటుతో పోల్చి చూడండి.

#13 పద్మ_టాకోమా

మాస్టారు గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. వాక్‌ల సంఖ్య కంటే, స్ట్రైక్ హద్దు (జోన్) బయటి బంతికి ఎన్నిసార్లు బ్యాట్ ఊపాడన్నది నాకు ముఖ్యం. కానీ దాంట్లోనూ ఎత్తు దాక్కుంటుందని నా అనుమానం. వంగని కర్వ్‌బాల్‌ని వదిలేయడం సులువు, మొదటి నుంచే అది బయటికి పోతున్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా వంగే బంతి అయితే స్ట్రైక్‌లా వచ్చి చివర్లో కిందికి పడిపోతుంది. అప్పుడు కదా కళ్ల పరీక్ష. ఆల్బుకర్కీ కుర్రాళ్లు మా ఊరు వచ్చినప్పుడు నేను మొదటి రెండు రాత్రులు అదే చూస్తాను, కిందికి పడే బంతికి ఏం చేస్తున్నారని. హిట్ కొట్టారా లేదా అన్నది నాకు అనవసరం.

#14 మైల్‌హై_మధు

పద్మ గారూ, మీరు చెప్పిన దాంట్లోంచే రెండో వైపు కూడా వస్తుంది. ఎత్తు నుంచి దిగి వచ్చిన కుర్రాడికి మొదటి రెండు రాత్రులు కష్టమే, ఎందుకంటే వాడి కళ్లు వంగని బంతికి అలవాటు పడ్డాయి. ఓరుగల్లు_నాన్న గారి బాబుకి జరిగిందే. రాకీస్ ఆటగాళ్లంతా దీని గురించి చెప్తారు, ఇంట్లో వారం ఆడి బయటికెళ్తే ప్రతి పిచ్చర్ బంతీ విపరీతంగా వంగుతున్నట్టు ఉంటుందని. కాబట్టి వాళ్ల బయటి అంకెలు వాళ్ల అసలు సత్తా కన్నా తక్కువగా కనిపిస్తాయి. ఇంటి అంకెలు ఎక్కువ చెప్తాయి, బయటి అంకెలు తక్కువ చెప్తాయి.

ఇది నా మనసుకి దగ్గరి విషయం కాబట్టి కాస్త ఆవేశంగానే రాస్తున్నాను. మా రాకీస్‌కి ఆడిన లారీ వాకర్‌ని కూర్స్‌లో .381 కొట్టాడన్న కారణంతోనే ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. 2020లో, పేరు ఓటింగ్‌కి వచ్చిన పదో ఏడాది, ఆఖరి అవకాశంలో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (గొప్ప ఆటగాళ్ల గౌరవశాలలోకి) వచ్చాడు. డీజే లెమాహ్యూ 2019లో రాకీస్ వదిలి న్యూయార్క్ యాంకీస్‌కి వెళ్తుంటే "ఇక చూడండి, అసలు రంగు బయటపడుతుంది" అన్నవాళ్లని నేను ఎరుగుదును. మొదటి ఏడాది .327. రెండో ఏడాది .364తో బ్యాటింగ్ టైటిల్. ఎత్తున్న ఊరు బ్యాటర్ అనగానే అనుమానించడం కూడా ఒక సోమరితనమే. పిల్లవాడు ట్రిపుల్-ఏలో ఒళ్లు వంచి కష్టపడితే "గాలి కొట్టింది" అనడం తేలిక.

#15 కృష్ణాతీరం

మధు అన్నా, ఒప్పుకుంటాను. అయినా ఒక్క కుర్రాడి మీద నిర్ణయం తీసుకోవాల్సి వస్తే నువ్వు ముందు ఏది తగ్గిస్తావు? సూటిగా చెప్పు.

#16 మైల్‌హై_మధు

యావరేజ్. ముందు దాన్నే తగ్గిస్తాను. జాక్ పీడర్సన్‌ని చూడు. 2014లో ఆల్బుకర్కీలో (అప్పుడది డాడ్జర్స్‌ది) .303, 33 హోమ్ రన్లు, 100 వాక్‌లు, 149 స్ట్రైకౌట్లు. అప్పుడు చాలామంది హోమ్ రన్లు సగానికి పడిపోతాయన్నారు. 2015లో డాడ్జర్స్‌తో 26 హోమ్ రన్లు, 92 వాక్‌లు, ఆల్‌స్టార్ ఆటకీ ఎంపికయ్యాడు. బలం పైకి వచ్చింది, కళ్లు పైకి వచ్చాయి. పడిపోయింది యావరేజ్, .210. స్ట్రైకౌట్లు 170. విశాలమైన ఔట్‌ఫీల్డ్‌లో రాలిన సింగిల్స్ రాలడం ఆగిపోయాయి, బంతి వంగడం మొదలైంది. మా రాకీస్‌లోనే ర్యాన్ మెక్‌మహన్ 2017లో ఆల్బుకర్కీలో 70 ఆటల్లో .374 కొట్టాడు. మరుసటి ఏడాది పైన .232. కొన్నేళ్లు నిలదొక్కుకుని మంచి ఆటగాడయ్యాడు, కానీ ఆ .374 మాత్రం మళ్లీ కనపడలేదు.

అందుకే ట్రిపుల్-ఏ స్ట్రైకౌట్ల అంకె ఎత్తైన ఊళ్లో ఓ మాదిరిగా కనిపించినా నాకు టెన్షనే. అది అప్పటికే తగ్గించి చూపిస్తున్న అంకె. హోమ్ రన్లు ఎక్కువ చూపిస్తోందని అందరికీ తెలుసు కాబట్టి అందరూ కోసేస్తారు. స్ట్రైకౌట్లు తక్కువ చూపిస్తోందని గుర్తుపెట్టుకుని వాటిని పెంచి చూసేవాళ్లు తక్కువ.

#17 లెక్కల_మాస్టారు

మధు గారి చివరి పేరాని నేను ప్రింట్ తీసి పెట్టుకుంటాను. ఒకటే కలుపుతాను: కోనెర్కో కూడా 1998లో పైన .217 మాత్రమే కొట్టాడు. ఆ ఒక్క ఏడాదిలోనే డాడ్జర్స్ నుంచి సిన్సినాటికి, అక్కడి నుంచి చికాగో వైట్ సాక్స్‌కి చేతులు మారాడు. మంచి వరుస చూసి ఎంచుకున్నా, మొదటి రెండు నెలల్లో తొందరపడి వదిలేస్తే లాభం లేదు. చికాగో ఆగింది. తర్వాతి ఏడాది .294, 24 హోమ్ రన్లు.

#18 అల్బుకర్కీ_శ్రీను

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి మళ్లీ వెళ్లాను, మీరు చెప్పినవి పెట్టుకుని. టాకోమానే వచ్చింది పద్మక్కా, ఈ వారమంతా ఇక్కడే. మీవాళ్ల తేదీలు జాగ్రత్త.

స్కోరు పుస్తకంలో ఈసారి కొత్తగా రెండు గళ్లు గీసుకున్నాను. ఒకదాంట్లో దెబ్బ వేగం, స్కోరుబోర్డు పక్కన వేస్తారు కాబట్టి అందుతుంది. రెండోదాంట్లో వంగే బంతికి ఏం చేశాడన్నది. మొదటి మూడు ఇన్నింగ్స్ నాకు చేయి తిరగలేదు, రాసేలోపు తర్వాతి బంతి పడిపోయింది.

నేను ఇన్నాళ్లూ మురిసిపోయిన మా కుర్రాడు ఒకడు నిన్న రెండు హిట్లు కొట్టాడు. పాత పద్ధతిలో అయితే పేరు పక్కన నక్షత్రం పెట్టేవాణ్ని. రెండూ నెమ్మదిగా తగిలిన దెబ్బలే, ఫీల్డర్ వెనక ఉండబట్టి ముందు రాలాయి. రెండో గడిలో మూడుసార్లు మట్టిలో పడ్డ బంతికి బ్యాట్ ఊపినట్టు ఉంది. వాడి తర్వాత వచ్చేవాడు, నేను ఎప్పుడూ పట్టించుకోనివాడు, నాలుగుసార్లలో ఒక్క హిట్టూ లేదు. ఒక వాక్, సెంటర్‌లో ఒక క్యాచ్, షార్ట్‌స్టాప్ చేతిలోకి సూటిగా ఒకటి, ఫస్ట్ బేస్ దగ్గర ఒకటి. మూడు దెబ్బల్లో రెండు వంద దాటాయి. తక్కువ ఎత్తులో వేసిన స్లైడర్ (పక్కకి వంగే బంతి) ఒకటి చివరి క్షణంలో వదిలేసి బ్యాట్ భుజానికి ఆనించుకున్నాడు. అంత నిదానంగా వదిలేయడం నేను ఈ మైదానంలో మొదటిసారి చూశాను, లేదా మొదటిసారి గమనించాను.

పక్క సీటు పెద్దాయన మళ్లీ వచ్చాడు. నా గళ్లు చూసి, "ఆ రెండోది ఏంటి?" అని అడిగాడు. చెప్పాను. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, మిగతా ఆటంతా వంగిన బంతి వచ్చినప్పుడల్లా నా కంటే ముందే పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

#19 పద్మ_టాకోమా

శ్రీనూ, ఆ హిట్లు లేని కుర్రాడి నంబర్ నాకు మెసేజ్ పెట్టు. వచ్చే నెల వాళ్లు మా ఊరు వస్తున్నారు. మంగళ, బుధవారాలు రెండు రాత్రులూ వెళ్తాను, అదే గడి గీసుకుని.